ముప్ఫై ఏళ్ళ రూఫు, ఇంటికి రాని కుక్క

మొన్న అక్టోబరు మొదటి వారంలో చూరు వెంట వాననీళ్ళు పోయే గట్టర్లు శుభ్రం చేసే మనిషి ఫోన్ చేసి, రేపు ఉదయం వస్తాను, మీరు బయటికి రానక్కర్లేదు, పెరటి గేటు నేనే తెరుచుకుని వెళ్తాను, లోపల కుక్క గాని ఉందా అని అడిగాడు. లేదు అన్నాను. ఈ దేశంలో మన పెరట్లోకి రావలసిన ప్రతి మనిషీ, గ్యాస్ మీటరు చూసేవాడి దగ్గర్నుంచి కంచెకి రంగు వేసేవాడి దాకా, ముందు అడిగే ప్రశ్న అదే. దాదాపు నలభై ఏళ్ళుగా అరోరా ఊళ్ళోని ఈ ఇంట్లో ఉంటూ, ఏడాదికి రెండు మూడుసార్లయినా నేను ఆ ప్రశ్నకి లేదు అనే జవాబు చెబుతూనే ఉన్నాను. ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఈసారి మాత్రం ఫోన్ పెట్టేశాక వంటింట్లో కుర్చీ లాక్కుని చాలాసేపు కూర్చుండిపోయాను.

ఇల్లినాయ్‌లో చలికాలం ముందు ఇంటికి చేయవలసిన సేవలు మీలో చాలామందికి తెలిసే ఉంటాయి. గట్టర్లలో ఆకులు తీయాలి, ఇల్లు వెచ్చచేసే ఫర్నేస్‌కి ఫిల్టర్ మార్చాలి, కిటికీలకి లోపలి వైపు ప్లాస్టిక్ కాగితం అంటించి హెయిర్ డ్రయ్యర్‌తో వేడిగాలి కొట్టి బిగించాలి, తోటకి నీళ్ళు పట్టే గొట్టం ఊడదీసి చుట్టిపెట్టాలి, బేస్‌మెంట్‌లోకి దిగి బయటి కుళాయికి నీళ్ళు వెళ్ళే వాల్వు కట్టేసి, మళ్ళీ బయటికి వచ్చి ఆ కుళాయి తిప్పి, పైపులో మిగిలిన నీళ్ళు కారిపోయేదాకా నిలబడాలి. ఈ చివరి పని సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. ఇల్లు కొన్న మొదటి చలికాలం ఆ పైపు గడ్డకట్టి పగిలి, బేస్‌మెంట్‌లో మోకాలి లోతున నీళ్ళు నిలిస్తే, రెండు ఎమ్మెస్సీల జ్ఞానంతో మా వారూ నేనూ బకెట్లు పట్టుకుని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ మర్నాడే ఆయన ఒక ఫోల్డర్ కొనుక్కొచ్చి, దాని మీద ఇల్లు అని తెలుగులో రాసి, ఏ నెలలో ఏ పని చేయాలో జాబితా వేసి అందులో పెట్టారు. అప్పటినుంచి ఈ ఇంటికి సంబంధించిన కాగితం ఏదైనా ఆ ఫోల్డర్‌లోకే వెళ్ళేది.

ఇల్లు కొన్నప్పుడు మా అమ్మాయికి ఆరేళ్ళు. ఒక్కతే పిల్ల. ఎనిమిదో ఏట మొదలుపెట్టింది కుక్క కావాలని. మిగతా పిల్లల్లా మారాం చేసే రకం కాదు, అడిగేది, జవాబు వినేది, నెల్లాళ్ళు ఆగి మళ్ళీ అడిగేది. నా దగ్గర కారణాలకి కొదవ లేదు. నేను హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసేదాన్ని, పొద్దస్తమానం సూక్ష్మక్రిముల్ని మైక్రోస్కోపులో చూసి ఇంటికొచ్చేదాన్ని, కాబట్టి శుభ్రం పేరుతో నేను ఏం చెప్పినా చెల్లేది. దేవుడి గది ఉంది అనేదాన్ని. వెంట్రుకలు అనేదాన్ని. ఇండియా వెళ్ళినప్పుడు ఎవరు చూస్తారు అనేదాన్ని. అన్నిటికన్నా పెద్ద కారణం మా అత్తగారు. ఆవిడ రెండేళ్ళకోసారి వచ్చి ఆరు నెలలుండేవారు, మడి ఆచారం గట్టిగా ఉన్న మనిషి, కుక్క ఉన్న ఇంట్లో నానమ్మ మంచినీళ్ళయినా ముట్టుకోదు అని చెబితే పిల్ల నోరు మెదపలేకపోయేది. తీరా ఒక వేసవిలో నేను తొందరగా ఇంటికొచ్చి చూద్దును కదా, ఆవిడ పెరట్లో కంచె దగ్గర నిలబడి, పొద్దుటి ఇడ్లీలు తుంపి పక్కింటి కుక్కకి వేస్తున్నారు. అది ఆవిడకి బాగా అలవాటున్నట్టే తోక ఊపుతోంది. నన్ను చూసి ఆవిడ, పాపం మూగజీవి అని లోపలికి వచ్చి చేతులు కడుక్కున్నారు. నేను ఆ సంగతి అమ్మాయికి చెప్పలేదు. చెబితే నా సాకు పోతుందని అప్పుడే నాకు తెలుసు.

అసలు సంగతి వేరే ఉంది. అది మన తరం వాళ్ళకి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో మేమందరం వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళమే. శనివారం పార్టీల్లో పులిహోర, పెరుగుగారెలు పళ్ళేల్లో పెట్టుకుని కూర్చుంటే మాట తిరిగి తిరిగి అక్కడికే వచ్చేది. మా గడువు రెండేళ్ళు. అమ్మాయి ఒకటో క్లాసులో ఉన్నప్పుడూ రెండేళ్ళే, ఐదో క్లాసులో ఉన్నప్పుడూ రెండేళ్ళే. కుక్క అంటే పన్నెండు పదమూడేళ్ళు బతికే ప్రాణి. దాన్ని తెచ్చుకోవడమంటే ఇక ఇక్కడే ఉండిపోతున్నామని నలుగురిలో ఒప్పుకోవడమే. మా బృందంలో ఒక డాక్టరుగారి కుటుంబం మాత్రం ధైర్యం చేసి పెద్ద నల్ల కుక్కని తెచ్చుకున్నారు. ఆ తరువాత వాళ్ళింట్లో వ్రతానికి వెళ్ళవలసినవాళ్ళకి ఒకరి తరువాత ఒకరికి ఏదో పని అడ్డం పడింది. నాకు కూడా ఆ రోజు తలనొప్పి వచ్చింది. ఎందుకు రాలేదని ఆవిడ నన్ను ఎప్పుడూ అడగలేదు గాని, ఆ తరువాత పిలవడం మానేసింది.

అమ్మాయికి పదకొండు నిండిన ఏడు, మా వారు మధ్యవర్తిత్వం చేశారు. ఏడాది పొడుగునా ఇంటి పనులన్నీ నాన్నతో కలిసి ఒక్కటీ తప్పకుండా చేస్తే అక్టోబరు చివర్లో కుక్క సంగతి తేలుద్దాం అన్నారు. తేలుద్దాం అని ఆయన అన్నారు, సరే చూద్దాంలే అని నేను అన్నాను. మన ఇళ్ళలో ఆ మాటకి అర్థం పెద్దవాళ్ళందరికీ తెలుసు. అడిగినవాళ్ళని నొప్పించకుండా లేదు అని చెప్పడానికి మనకున్న మర్యాద అది. పిల్ల అమెరికాలో పుట్టింది, చూద్దాం అంటే నిజంగానే చూస్తారనుకుంది.

ఫోల్డర్‌లోని జాబితాని పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద ఎక్కించి ఫ్రిజ్‌కి తగిలించింది. మార్చిలో మంచు కరిగి బేస్‌మెంట్‌లోకి నీళ్ళు ఊరే రోజుల్లో ఆ నీళ్ళని బయటికి తోడే సంప్ పంప్ పనిచేస్తోందో లేదో చూడడానికి గుంటలో బకెట్టుతో నీళ్ళు పోసింది. ఏప్రిల్‌లో కిటికీలకి దోమతెరలు ఎక్కించింది. మేలో ఇంటి వెనకాల అరుగు లాంటి చెక్క డెక్ కడిగింది, జూన్‌లో కంచెకి రంగు వేసింది. ఆ రంగు దాని జుట్టుకి అంటుకుంటే కిరసనాయిలు పెట్టి నేనే దువ్వాను. సెప్టెంబరు నుంచి మేపుల్ ఆకులు రాలుతూనే ఉంటాయి కదా, బడి నుంచి రాగానే పుస్తకాలు పారేసి వాటిని ఊడ్చి, నిలువెత్తు కాగితం సంచుల్లో కూరి, రోడ్డు పక్కన వరసగా నిలబెట్టేది. అయిన పనికల్లా ఎదురుగా ఎర్ర పెన్సిల్‌తో గీత. ఇంటికి ఎవరొచ్చినా ఆ అట్ట చూపించి మా అమ్మాయి చూశారా అని మురిసిపోయేదాన్ని. ఆ గీతలు దేనికోసమో అడిగితే మాత్రం మాట మార్చేదాన్ని.

అక్టోబరు మూడోవారంలో తండ్రీ కూతుళ్ళిద్దరూ నాకు చెప్పకుండా, ఇళ్ళు లేని కుక్కల్ని ఉంచే షెల్టర్‌కి వెళ్ళొచ్చారు. గోధుమరంగు కుక్కట, కొంచెం పెద్ద వయసుదేనట, ఒక చెవి మడతపడి ఉంటుందట, వీళ్ళు వెళ్ళినంతసేపూ మొరగకుండా పిల్ల బూటు మీద కాలు వేసి కూర్చుందట. పిల్ల ఒక్క ఊపిరిలో చెప్పిన ఆ సంగతులు నాకు ఇప్పటికీ గుర్తు. ఇంట్లో పెద్దవాళ్ళిద్దరూ ఫారం మీద సంతకం పెట్టాలట, శనివారం దాకా వేరేవాళ్ళకి ఇవ్వకుండా ఉంచుతామన్నారట. ఆయన ఫారం నా ముందు పెట్టారు. అట్ట మీద ఇంక మిగిలింది ఒక్క పని, బయటి కుళాయి కట్టడం. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట, "చూద్దాంలే, ముందు ఈ రూఫ్ పని అవ్వనీ."

నిజానికి రూఫ్ పని ఉంది. ఆ ఎండాకాలం వడగళ్ళవానకి పైకప్పు మీద పరిచే షింగిల్స్ పలకలు దెబ్బతిన్నాయి, మంచు పడేలోగా మార్చాలి. బుధవారం సాయంత్రం రూఫ్ కాంట్రాక్టరు వచ్చి వంటింటి బల్ల మీద షింగిల్స్ ముక్కలు పరిచి, ఇవి ఇరవై ఏళ్ళు ఆగుతాయి, ఇవి ముప్ఫై ఏళ్ళు ఆగుతాయి అని చూపించాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ముప్ఫై ఏళ్ళవి అన్నాను. ఎప్పుడు వచ్చి నిలబడిందో, అమ్మాయి ఫ్రిజ్‌కి ఆనుకుని ఉంది. కాంట్రాక్టరు వెళ్ళేదాకా ఆగి, కోపం లేకుండా, లెక్కలో తప్పు ఎక్కడుందో టీచర్ని అడిగినట్టు అడిగింది.

"అమ్మా, మనం టూ ఇయర్స్‌లో ఇండియా వెళ్ళిపోతున్నాం, అందుకే డాగ్ వద్దు అన్నావు కదా. మరి థర్టీ ఇయర్స్ రూఫ్ ఎవరికి?"

మా వారు నా వైపు చూశారు. ఆయన మొహంలో నవ్వు లేదు. నేను సర్దుకుని, ఇల్లు అమ్మేటప్పుడు మంచి రూఫ్ ఉంటే కొనేవాళ్ళు వస్తారు, నీకు తెలియదులే అన్నాను. పిల్ల తల ఊపి తన గదిలోకి వెళ్ళిపోయింది. ముప్ఫై ఏళ్ళు ఇక్కడే ఉంటానని నా చేతులకి తెలుసు, నా నోటికే తెలియదు.

శనివారం రూఫ్ వాళ్ళు పొద్దున్నే వచ్చేశారు. నెత్తిమీద దబదబమని చప్పుడు, పెరటినిండా పాత షింగిల్స్, మేకులు. ఆ హడావిడిలో నేను వాళ్ళకి కాఫీలు కలుపుతూ, ఫారం మాట ఎవరైనా ఎత్తుతారేమోనని లోలోపల బిక్కుబిక్కుమంటూ, ఎవరూ ఎత్తకపోతే హమ్మయ్య అనుకుంటూ గడిపేశాను. మంగళవారం మా వారు షెల్టర్‌కి ఫోన్ చేసి, లోపలికొచ్చి, దాన్ని ఎవరో తీసుకెళ్ళిపోయారట అని చెప్పారు. ఎవరు తీసుకెళ్ళారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. పెద్ద వయసు కుక్కల్ని అలాంటి చోట్ల ఎక్కువ రోజులు ఉంచేవారు కాదని తరువాత ఎప్పుడో ఎవరో అంటే విని, ఆ మాట అక్కడే వదిలేశాను.

పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే ఏం చెప్పాలో మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. అది ఏడవలేదు. కాసేపయ్యాక కోటు వేసుకుని బేస్‌మెంట్‌లోకి దిగి వాల్వు కట్టేసి, బయటికి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళు ధారగా, తరువాత చుక్కలుగా, ఆగిపోయేదాకా నిలబడింది. వంటింటి కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. లోపలికొచ్చి అట్ట మీద చివరి గీత కూడా గీసి, అప్పుడు దాన్ని ఫ్రిజ్ మీంచి తీసి, నలపకుండా, చింపకుండా, నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేసింది. ఆ పై శనివారం పార్టీలో నేను స్నేహితురాళ్ళతో గొప్పగా చెప్పాను, మా అమ్మాయి ఎంత బుద్ధిమంతురాలో, ఒక్కసారి చెబితే ఎంత చక్కగా అర్థం చేసుకుంటుందో. అందరూ అదృష్టవంతురాలివి అన్నారు. నేను కూడా అలాగే అనుకున్నాను.

ఆ తరువాత మా అమ్మాయి నన్ను ఏదీ అడగలేదు. ఇది నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది, ఎందుకంటే అడగని పిల్లని పెంచడం చాలా తేలిక. ఏ కాలేజీకి వెళ్తుందో చెప్పింది, వెళ్ళొచ్చా అని అడగలేదు. పెళ్ళి చేసుకుంటున్నానని చెప్పింది. ఆ పెళ్ళి నిలవకపోతే, కాగితాలన్నీ అయిపోయాక ఒక ఆదివారం ఫోన్‌లో చెప్పింది. రెండేళ్ళ కిందట ఆపరేషన్ అయితే, కుట్లు విప్పాక చెప్పింది. ముందే చెబితే వచ్చి ఉండేదాన్ని కదే అంటే, "ఇట్స్ ఓకే అమ్మా, నేను మేనేజ్ చేశాను" అంది. ప్రతి ఆదివారం తప్పకుండా ఫోన్ చేస్తుంది. మందులు వేసుకున్నావా, ఫిల్టర్ మార్పించావా, మెట్ల మీద మంచు తీయించావా అని పేరుపేరునా అడుగుతుంది. కాలిఫోర్నియాలో డబ్లిన్‌లో మంచి ఇల్లు కొనుక్కుంది, వెనకాల చుట్టూ కంచె, పచ్చిక. అక్కడికి మొదటిసారి వెళ్ళినప్పుడు నేను గుమ్మంలో ఆగి, లోపలినుంచి కుక్క వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఏమ్మా తెచ్చుకోలేదా అంటే, ట్రావెల్ ఎక్కువ అమ్మా అంది. పన్నెండేళ్ళయింది, ఇప్పటికీ తెచ్చుకోలేదు.

మా వారు పోయి నాలుగేళ్ళు. ఇండియా మాట ఎప్పుడు ఆగిపోయిందో గుర్తు లేదు, ఒకరోజు వెనక్కి తిరిగి చూసుకుంటే అది మా మాటల్లో లేదు, అంతే. శనివారం పార్టీల వాళ్ళలో ముగ్గురం మిగిలాం, గుళ్ళో కనిపిస్తే మోకాళ్ళ గురించి మాట్లాడుకుంటాం.

గట్టర్ల మనిషి ఆ మర్నాడు వచ్చి పని ముగించి, తలుపు తట్టి, గుప్పిటలో నల్లటి రవ్వలాంటిది చూపించాడు. అది షింగిల్స్ మీద ఉండే రవ్వట, అంతా రాలి గట్టర్లలోకి వచ్చేసిందట, ఈ రూఫ్ పని అయిపోయింది, ఇంక ఒక్క చలికాలం ఆగితే గొప్ప అన్నాడు. గ్యారంటీ కాగితం ఉందేమో చూడమన్నాడు. మా వారు పోయాక ఆ ఫోల్డర్ నేను తెరవలేదు. ఆ రోజు తెరిచాను. ముప్ఫై ఏళ్ళ కాగితం అక్కడే ఉంది, గడువు దాటి కూడా నాలుగేళ్ళయింది. దాని కిందే షెల్టర్ ఫారం ఉంది. ఆయన సంతకం ఉంది. నా పేరు కూడా ఆయనే గుండ్రటి అక్షరాలతో రాసి, పక్కన సంతకం చోటు ఖాళీగా వదిలారు. ఇన్నేళ్ళలో ఏటా అక్టోబరులో జాబితా కోసం ఆ ఫోల్డర్ తీసినప్పుడల్లా ఆయన దాన్ని చూసే ఉంటారు. నాతో ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేది, గట్టిగా పోట్లాడి ఉంటే ఇంకా బాగుండేది.

మర్నాడు షెల్టర్‌కి వెళ్ళాను. డెబ్భై నాలుగేళ్ళ దానికి కుక్కపిల్లని ఇవ్వరని తెలుసు, నాకు వద్దు కూడా. పెద్ద వయసుది, నెమ్మదిగా నడిచేది, నాతోపాటు సరిపెట్టుకునేది చాలన్నాను. అక్కడి అమ్మాయి మంచిది, నన్ను ఒక పదేళ్ళ తెల్లకుక్క దగ్గరికి తీసుకెళ్ళింది. దానికి సగం చూపే ఉందట. నేను చెయ్యి చాపితే వాసన చూసి, తల నా అరచేతిలో బరువుగా ఆనించింది. ఫారం అంతా నింపాను. చివర ఒక గడి ఉంది. మీరు చూసుకోలేని పరిస్థితి వస్తే ఈ కుక్కని ఎవరు తీసుకుంటారు, పేరు, ఫోన్ నంబరు. నా వయసు వాళ్ళకి ఆ గడి నింపకపోతే ఇవ్వరట. ఒక వారం దాకా దాన్ని ఎవరికీ ఇవ్వకుండా ఉంచుతామన్నారు. ఇంటికి తెచ్చుకున్నాను ఆ కాగితాన్ని.

ఆదివారం అమ్మాయి ఫోన్ చేసినప్పుడు అడిగాను. ఊరికే నీ పేరు రాయాలంతేనే, నీకు శ్రమ ఏమీ రాదు, అది ముసలిది, నాకన్నా ముందే పోతుంది అన్నాను. కోపం లేదు ఆ పిల్ల గొంతులో, ఎప్పుడూ ఉండదు.

"చూద్దాంలే అమ్మా. ముందు ఈ వింటర్ అవ్వనీ" అంది.

మా అమ్మాయి తెలుగు అందరి పిల్లల తెలుగులాగే ఉంటుంది, ళ పలకదు, మాట చివర తేలిపోతుంది. ఆ రెండు మాటలూ మాత్రం ఎక్కడా తడబడకుండా, అచ్చం నేను అన్నట్టే అంది. కావాలని అనలేదని నాకు తెలుసు. నేను నేర్పిందే అది.

వారం నిన్నటితో అయిపోయింది. నేను షెల్టర్‌కి ఫోన్ చేయలేదు, ఎవరు తీసుకెళ్ళారో అడగలేదు. ఇప్పుడు గట్టర్లకి ఒక మనిషి, ఫర్నేస్‌కి ఒక మనిషి, మంచుకి ఒక మనిషి వస్తున్నారు, పిల్లలున్న ఇళ్ళలో కూడా పిల్లలు ఆకులు ఊడవడం ఈ వీధిలో చూసి చాలా ఏళ్ళయింది. కుళాయి ఒక్కటే ఇంకా నేనే కట్టుకుంటాను. ఇవాళ మధ్యాహ్నం ఒక్కో మెట్టూ పట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగి వాల్వు కట్టేసి, బయటికొచ్చి కుళాయి తిప్పి, నీళ్ళు ఆగిపోయేదాకా నిలబడ్డాను. వచ్చే వారం రూఫ్ మనిషి కొలతలకి వస్తానన్నాడు, ఎన్నేళ్ళ షింగిల్స్ కావాలో ఆలోచించుకోమన్నాడు. పెరట్లో కుక్క ఉందా అని కూడా అడిగాడు.